పడిపోయిన మేకని కోశాక చేతి మీద పొక్కు: ఇది దొమ్మ రోగమేనా?

మహేంద్రతనయ ఒడ్డు
ఆదివారం, ఉదయం 10:52

అందరికీ నమస్కారం. మాది పాతపట్నం దగ్గర చిన్న ఊరు, నాలుగడుగులు వేస్తే ఒడిశా. నేను విశాఖలో పని చేస్తాను, సెలవుకి ఇంటికొచ్చాను. మా మావయ్యకి నలభై దాకా మేకలున్నాయి. మంగళవారం పొద్దున ఒక పోతు చచ్చి పడి ఉంది. ముందురోజు సాయంత్రం శుభ్రంగా మేసింది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందని మావయ్య, ఇంకో ఇద్దరు కలిసి కోశారు. నాలుగిళ్ళవాళ్ళు పోగులు వేసుకుని తీసుకెళ్ళారు. మా ఇంట్లోనూ వండారు. దాచడం దేనికి, నేనూ తిన్నాను.

శుక్రవారం మావయ్య కుడి ముంజేతి మీద దోమ కుట్టినట్టు ఎర్రగా లేచింది, ఒకటే దురద. నిన్నటికి దాని చుట్టూ చిన్న చిన్న నీటిపొక్కులు వచ్చాయి, చెయ్యి వాచింది. విచిత్రం ఏమిటంటే నొప్పి లేదంటాడు. ఈ పొద్దున ఇంకో మేక చచ్చింది. ముక్కులోంచి నల్లటి రక్తం. చింతచెట్టు కింద పడుంది. కోద్దామా అని ఇద్దరు కత్తులు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. మా తాత మాత్రం "ఇది దొమ్మరా, ముట్టకండి" అని అరుస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. తెలిసినవాళ్ళు బేగి చెప్పండి.

చీపురుపల్లి కుర్రోడు
10:58

ముందు ఆ కత్తులు ఇంటికి పంపించు బావా. మిగతా సంగతి తర్వాత.

సందేహాల మాస్టారు
11:03

తాతగారి మాట కొట్టెయ్యను గానీ, పడిపోయిన మేకని కోసుకోవడం మన వైపు కొత్తా? పాము కరిచి ఉండొచ్చు. తొలకరి పడింది, లేత గడ్డి ఎక్కువ తిని ఉండొచ్చు. చేతి మీదది సెగ్గడ్డ కావచ్చు. పసుపు, వేపాకు నూరి కట్టండి, పగిలిపోతుంది.

పల్లె పశువైద్యుడు
11:15

నేను ప్రభుత్వ పశువైద్యశాలలో 19 ఏళ్ళుగా చేస్తున్నాను. పరీక్ష చెయ్యకుండా రోగం పేరు ఖాయం చెయ్యను. కానీ నిన్నటిదాకా మేసిన మేక రాత్రికి రాత్రి చావడం, ముక్కులోంచి గడ్డకట్టని నల్ల రక్తం, కోసిన చేతి మీద నొప్పి లేని పొక్కు, ఈ మూడూ ఒకే ఇంట్లో వింటే నేను దొమ్మ అనుకునే పని మొదలుపెడతాను. దొమ్మ అంటే ఆంథ్రాక్స్. కాదని తేలితే నాకూ సంతోషమే.

రెండో మేక మీద కత్తి పడకూడదు. ఎందుకో చెప్తాను, కత్తులు పట్టుకున్నవాళ్ళకి చదివి వినిపించండి. ఈ సూక్ష్మజీవి పశువు రక్తంలో ఉన్నంతసేపూ పెద్ద మొండిదేం కాదు. శవాన్ని తెరవకుండా ఉంచితే లోపల గాలి ఆడదు, ఆ కుళ్ళులో రెండు మూడు రోజుల్లో చాలావరకు అదే చస్తుంది. కోశారా, రక్తానికి గాలి తగులుతుంది. గాలి తగిలితే అది పెంకు కట్టుకుని స్పోరు అవుతుంది. బడి పుస్తకాల్లో సిద్ధబీజం అంటారే, అదే. ఎండకి ఎండదు, వానకి కుళ్ళదు, మామూలు ఫినాయిల్‌కి లొంగదు. మట్టిలో దశాబ్దాల తరబడి అలాగే పడి ఉంటుంది. ఎప్పుడో ఒక మేక ఆ చోట మేసినప్పుడు కడుపులోకి వెళ్ళి మళ్ళీ మొలకెత్తుతుంది. అంటే మంగళవారం మీవాళ్ళు కోసిన చోట విత్తనాలు చల్లేసినట్టే. ఆదివారం ఇంకో మడి వెయ్యకండి.

ఇప్పుడు చెయ్యాల్సింది: మేక మీద టార్పాలిన్ కప్పండి, చుట్టూ ముళ్ళకంప వెయ్యండి, కుక్కల్ని రానివ్వకండి. ఈడ్చుకుని ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు. మిగతా మందని ఆ మేత నుంచి వెంటనే వేరే చోటికి మార్చండి. రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.

మావయ్యగారి సంగతి మనుషుల డాక్టరు చూడాలి. ఈ రోజే.

మహేంద్రతనయ ఒడ్డు
11:41

చదివి వినిపించాను. కత్తులు వెళ్ళిపోయాయి. ఒకాయన మాత్రం "ఎనిమిది వేల మేకని తగలేస్తారా, మీ నాగరీకం మండ" అని తిట్టుకుంటూ వెళ్ళాడు. ఆయన తప్పు కూడా కాదు. ఆ ఇంట్లో మాంసం వండి మూడు వారాలైంది.

పీజీ హాస్టల్
11:50

వైద్య విద్యార్థిని. మావయ్యగారి పొక్కుని గిల్లొద్దు, సూదితో పొడవొద్దు, కోసి చీము తియ్యాలని చూడొద్దు. పసరు కట్టొద్దు. మాస్టారు గారూ, క్షమించండి, సెగ్గడ్డ అయితే రాత్రి నిద్ర పట్టనివ్వదు, సలుపుతుంది. దీని లక్షణమే సలపకపోవడం. ముందు దురద, తర్వాత పొక్కు, చుట్టూ వాపు. ఇంకో ఒకటి రెండు రోజుల్లో మధ్యలో బొగ్గులా నల్లటి పక్కు కడుతుంది. ఆంథ్రాక్స్ అనే గ్రీకు మాటకి బొగ్గు అనే అర్థం.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఓపీలో కూర్చోగానే మొదటి వాక్యం "చచ్చిన మేకని కోశాను" అని ఉండాలి. అది చెప్పకపోతే చర్మవ్యాధి అనుకుని ఏదో ఆయింట్‌మెంట్ రాసి పంపేస్తారు. కుదిరితే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే పొక్కులోని నీరు పరీక్షకి తీసుకోమనండి. అలాగని పరీక్ష కోసం మందు ఆపొద్దు.

భయపడకండి. చర్మానికి వచ్చిన ఆంథ్రాక్స్‌కి మందు వేస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. వెయ్యకుండా వదిలేస్తే మాత్రం నూటికి 20 మంది దాకా పోవచ్చు. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అన్నీ మామూలుగా దొరికే మందులే. కానీ మెడికల్ షాపులో మీరే కొనుక్కుని వేసుకోకండి.

గొర్రెలోళ్ళ అబ్బాయి
12:20

నాదొక డౌటు. గొర్రె అంటే నేలని గీకి మేస్తుంది, మట్టి కూడా నోట్లోకి పోతుంది. మేక ఆకు తింటుంది కదా, మెడ ఎత్తి. మట్టిలో రోగం మేకకెలా వస్తుంది?

పల్లె పశువైద్యుడు
12:46

మంచి ప్రశ్న. వేసవి చివర కంప కూడా మిగలదు, మేక కూడా నేలకి వంగుతుంది. వంగినప్పుడు ఎండిన ముళ్ళ గడ్డి నోట్లో గీరుకుంటే ఆ గీత చాలు. తొలకరికి నీళ్ళు పారి పల్లంలో నిలిచిన చోట స్పోర్లు పోగుపడతాయి. అందుకే మనకి ఎండలు ముగిసి వాన మొదలయ్యే రోజులే ప్రమాదం.

ఇంకో దారి ఈగలు. తెరిచిన శవం మీద ఈగ రక్తం తాగి, ఎగిరి దగ్గర్లో కొమ్మ మీద వాలుతుంది. తాగింది కక్కుతుంది, రెట్ట వేస్తుంది. ఆ ఆకు మేక అందుకునే ఎత్తులోనే ఉంటుంది. ఆఫ్రికా అడవుల్లో ఆకు మేసే జింకలకి ఇలాగే అంటుకుంటుందని గమనించారు. చింతచెట్టు కింద కొమ్మలు ఒకసారి చూడమనండి, చిన్న చిన్న నల్లటి చుక్కలు ఉంటాయి. చూడమన్నాను, చేత్తో తుడవమనలేదు.

కాశీబుగ్గ కామెంటు
13:05

బాబోయ్, ఆంథ్రాక్స్ అంటే అమెరికాలో ఉత్తరాల్లో పెట్టి పంపిన పొడి కాదా? గాల్లో వస్తుంది! ఊరు మొత్తం మాస్కులు పెట్టుకోవాలి. ఇది కరోనాలాగా పాకితే జిల్లా అంతా లాక్‌డౌనే. అందరూ షేర్ చెయ్యండి.

పీజీ హాస్టల్
13:22

దయచేసి షేర్ చెయ్యకండి.

మనిషి దగ్గితే, పక్కన కూర్చుంటే, ఒకే గదిలో పడుకుంటే ఇది అంటుకోదు. పుండు రసి నేరుగా గాయానికి తగిలితే అరుదుగా చర్మానికి రావచ్చు, అందుకే పుండు మీద గుడ్డ కప్పి ఉంచాలి, ఆ గుడ్డ పారెయ్యకుండా కాల్చాలి. అంతే.

2001లో అమెరికాలో ఉత్తరాల పొడి వల్ల 22 మందికి సోకింది, ఐదుగురు చనిపోయారు. నిజమే. కానీ అది ఎవరో మెత్తగా తయారు చేసిన పొడి. 1979లో సోవియట్ రష్యాలో స్వెర్‌డ్‌లోవ్‌స్క్ అనే ఊళ్ళో సైనిక కేంద్రం నుంచి లీకైనప్పుడు కనీసం 66 మంది పోయారు. అదీ ఆయుధం కథే. మామూలుగా ఊపిరితిత్తుల రకం వచ్చేది ఉన్ని, తోలు ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చేవాళ్ళకి. పాత రోజుల్లో ఇంగ్లండులో దాన్ని ఉన్ని ఏరేవాళ్ళ జబ్బు అనేవారు. లోపలికి వెళ్ళిన స్పోరు వారాల తరబడి, ఒక్కోసారి రెండు నెలల దాకా ఊరుకుని తర్వాత లేస్తుంది. రకాలన్నిట్లోకీ ప్రాణం మీదికి తెచ్చేది అదే.

ఈ ఊరికి సంబంధించింది వేరే: తిన్నవాళ్ళు. మనుషులకి వచ్చే ఆంథ్రాక్స్‌లో నూటికి 95కి పైగా చర్మానిదే. తిండి ద్వారా వచ్చేది తక్కువ, కానీ వస్తే గట్టిగా వస్తుంది. ఒకటి నుంచి ఏడు రోజుల్లో జ్వరం, వాంతులు, కడుపునొప్పి, రక్త విరేచనాలు. కొందరికి గొంతులో పుండై మెడ వాస్తుంది. మంగళవారం తిన్నవాళ్ళలో ఎవరికైనా ఇవేవైనా ఉంటే రాత్రికి ఆగొద్దు. ఏమీ లేకపోయినా నాలుగిళ్ళ పేర్లూ డాక్టరుకి ఇవ్వండి, ముందు జాగ్రత్తగా మందు ఇవ్వాలా అన్నది వాళ్ళు చూస్తారు.

సందేహాల మాస్టారు
13:40

బాగా ఉడికిస్తే చావదా అమ్మా? మనం గంటసేపు ఉడకబెడతాం.

పీజీ హాస్టల్
13:48

మాస్టారూ, రక్తంలో ఉన్న సూక్ష్మజీవి చస్తుంది. స్పోరు అయిపోయినది మామూలు ఉడుకుకి చస్తుందని నమ్మడానికి లేదు. పైగా కూర ఉడికే లోపలే కత్తిపీట మీద, ముక్కలు కడిగిన నీళ్ళలో, చేతి గోళ్ళలో అంటుకోవాల్సింది అంటుకుంటుంది. కూర తిన్నవాళ్ళకన్నా కోసినవాళ్ళకీ, కడిగిన ఆడవాళ్ళకీ ముందు పొక్కు లేచేది అందుకే.

కొండ బడి టీచరమ్మ
14:30

నేను సీతంపేట వైపు బడిలో చేస్తాను. వీళ్ళని తిట్టడం సులువే. మా పిల్లల ఇళ్ళలో ఆవు పడిపోతే కోసి, సన్నగా కీరి, పొయ్యి మీద దండెం కట్టి ఆరబెడతారు. ఆ ఎండు మాంసం వానల్లో తిండి. పరీక్ష, మందు, కాల్చడం అని చెప్పిన ఏ అధికారీ ఆ పూట ఇంట్లో కుండలో ఏం వెయ్యాలో చెప్పి వెళ్ళలేదు. సాలూరు ఘాట్ ఎక్కితే వచ్చే కోరాపుట్ జిల్లాలో ఏళ్ళ తరబడి ఈ రోగం మళ్ళీ మళ్ళీ వస్తోంది. 2016లో విశాఖ ఏజెన్సీలో కూడా పొక్కులు లేచి జనం ఆసుపత్రిలో చేరారు. అన్ని చోట్లా కథ ఒకటే: పడిపోయిన పశువు, దాన్ని పారెయ్యలేని ఇల్లు.

ఒకటి మాత్రం మా ఊళ్ళో పని చేసింది. "తినకండి" అంటే వినలేదు. "కత్తి పెట్టకముందు నాకు ఫోన్ చెయ్యండి" అంటే విన్నారు.

నీలం స్లైడు
15:10

ల్యాబ్ టెక్నీషియన్ని. డాక్టరు గారు వచ్చినప్పుడు ఏం చేస్తారో చెప్తే మీకు ఓపిక ఉంటుంది. పొట్ట కొయ్యరు. చెవి నరం దగ్గర చిన్న గాటు పెట్టి ఒక చుక్క రక్తం గాజు పలక మీద పూస్తారు, గాటుని వెంటనే మూసేస్తారు. ఆ పలక మీద పాతబడిన మిథిలీన్ బ్లూ రంగు వేసి చూస్తాం. దొమ్మ అయితే నీలం రంగు కడ్డీలు, అంచులు నలుచదరంగా నరికినట్టు, రైలు పెట్టెల్లా వరుసగా కనబడతాయి. వాటి చుట్టూ గులాబీ రంగు పొర. ఆ గులాబీ కనబడ్డాక మా ల్యాబులో ఎవరూ మాట్లాడరు, చేతులు కడుక్కోవడానికి లేస్తారు.

శవం కుళ్ళాక వేరే కడ్డీలు కలిసిపోయి ఏదేదో తెలియదు. అందుకే తొందర.

అన్నట్టు, మొదటి మేక తోలు ఎక్కడుంది?

మహేంద్రతనయ ఒడ్డు
15:36

అమ్మబాబోయ్. తోలు సంగతే మర్చిపోయాను. బుధవారం సైకిల్ మీద వచ్చే తోళ్ళాయనకి ఇచ్చేశారట, 60 రూపాయలకి.

ఇక్కడి విషయం: మేం మొదట ఫోన్ చేసిన ఒక ఆఫీసులో "ఆదివారం కదా" అన్నారు. 1962కి చేస్తే వివరాలు రాసుకున్నారు, సాయంత్రం లోపు వస్తామన్నారు. మావయ్యని మా తమ్ముడు బండి మీద శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. వెళ్ళనని గంట మొండికేశాడు. "నొప్పే లేనిదానికి ఆసుపత్రేమిటి, నవ్వుతారు" అని.

డప్పు గూడెం
16:02

తోలు అన్నారని చెప్తున్నాను. మాది బొబ్బిలి వైపు, డప్పులు కడతాం. పచ్చితోలు నానబెట్టి, బొచ్చు గీకి, ఎండగట్టి బిగిస్తాం. గీకినప్పుడు లేచే నూగు ముక్కులోకి పోతుంది. దాంట్లో ఈ రోగం ఉంటే మా గతేమిటి? ఉప్పు రాస్తే చావదా?

పల్లె పశువైద్యుడు
16:25

ఉప్పుకి చావదు అన్నా. మీరు అడిగింది ఊహ కూడా కాదు. 2006లో స్కాట్లాండులో ఒకాయన, 2008లో లండన్‌లో డోళ్ళు కట్టే ఇంకొకాయన తోలు డోళ్ళ వల్లే ఆంథ్రాక్స్ వచ్చి చనిపోయారు. అలాగని మీరు పని మానెయ్యనక్కర్లేదు. కోసిన మేక తోలైతే మీ పని మీరు చేసుకోండి. పడిపోయిన మేక తోలు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. తెచ్చినాయన్ని "ఇది కోసిందా, పడిపోయిందా" అని అడగడం మొదలుపెట్టండి, అబద్ధం చెప్తే మొహంలో తెలుస్తుంది.

మహేంద్రతనయ గారూ, ఆ తోలు ఊరు దాటకముందే పట్టుకోండి.

చీపురుపల్లి కుర్రోడు
17:10

మా అమ్మ అడగమంటోంది, కోళ్ళకి వస్తుందా?

పల్లె పశువైద్యుడు
17:31

మామూలుగా రాదు. కోడి ఒంటి వేడి ఎక్కువ. ఫ్రాన్సు శాస్త్రవేత్త పాశ్చర్ 1878లో కోడి కాళ్ళని చల్లనీళ్ళలో నిలబెట్టి, ఒళ్ళు చల్లబడ్డాక రోగం ఎక్కించి చూపించాడు. అమ్మగారు కోళ్ళని నీళ్ళలో నిలబెట్టరు కాబట్టి దిగుల్లేదు.

పాశ్చర్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. పాతిపెట్టిన గొర్రెల గోతుల మీద వానపాములు పైకి తెచ్చిన మట్టిలో ఈ రోగం ఉందని ఆయన అన్నాడు. 1881లో గొర్రెలకి టీకా వేసి, జనం ముందు నిరూపించాడు. దానికి ఐదేళ్ళ ముందు, 1876లో, జర్మనీలో కాఖ్ అనే డాక్టరు ఈ రోగానికి ఈ క్రిమే కారణమని రుజువు చేశాడు. ఒక రోగాన్ని ఒక క్రిమికి ముడిపెట్టి అంత గట్టిగా చూపించడం అదే మొదలు. అంటే మైక్రోబయాలజీ అనే చదువు సగం ఈ చింతచెట్టు కింద పడున్న రోగం దగ్గరే పుట్టింది.

మహేంద్రతనయ ఒడ్డు
సోమవారం, రాత్రి 9:15

నిన్న సాయంత్రం వచ్చారు. నీలం స్లైడు గారు చెప్పినట్టే చెవి దగ్గర చుక్క తీశారు. ఈ రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది: దొమ్మే.

ఆ ఫోన్ కోసం ఆగకుండా పొద్దున్నే మేకని అక్కడే కాల్చాం. కింద కందకం తీసి, అడ్డంగా దుంగలు పేర్చి, పైన మేకని టార్పాలిన్‌తో సహా పెట్టి. ఎండు కట్టెలు రెండు బండ్లు పట్టాయి, పొద్దున ఏడింటికి అంటిస్తే మూడింటిదాకా కాలింది. మొదటి మేకని కోసిన చోట పై మట్టి తవ్వి అదే మంటలో పోశాం. పాతిపెడదామని కొందరన్నారు. డాక్టరు గారు కాల్చడమే మేలన్నారు, కట్టెలు దొరక్కపోతేనే బావికీ కాలవకీ దూరంగా ఆరడుగుల గొయ్యి అన్నారు. సున్నం పోస్తామంటే వద్దన్నారు, స్పోర్లకి సున్నం మేలు చేసే అవకాశముందట. ఇన్నాళ్ళూ మేం వినింది వేరే.

మావయ్యని ఆసుపత్రిలో ఉంచారు. ఈ రోజు పొక్కు మధ్యలో నల్లగా అయింది. రూపాయి బిళ్ళంత. పొక్కులోని నీటిని విశాఖ పంపారు. మందు నిన్న రాత్రే మొదలైంది. నాతో సహా నాలుగిళ్ళ వాళ్ళకీ మాత్రలిచ్చారు. కోసిన ఇంకో ఇద్దరిలో ఒకాయనకి మెడ మీద చిన్న పొక్కు ఉంది. దురద గదా అని చెప్పలేదట. చెయ్యి కడుక్కోకుండా మెడ గోక్కున్నాడు.

తోళ్ళాయన దొరకలేదు. ఫోన్ స్విచాఫ్.

సందేహాల మాస్టారు
సోమవారం, రాత్రి 9:40

పసుపు కట్టమన్నందుకు సిగ్గుగా ఉంది బాబూ. తాతగారికి నా నమస్కారం చెప్పు. మిగతా మేకలకి టీకా ఉందా?

పల్లె పశువైద్యుడు
మంగళవారం, ఉదయం 6:20

ఉంది. ఏడాదికోసారి, వానలకి నెల ముందు వేయించుకోవాలి. బతికున్న స్పోర్లతోనే చేసిన టీకా, రోగం తెప్పించే పదును తీసేసినది. 1930ల్లో దక్షిణాఫ్రికాలో స్టెర్న్ అనే ఆయన తయారుచేసిన రకమే ఇప్పటికీ వాడుతున్నాం. జ్వరం ఉన్న మేకకి మాత్రం టీకా కాదు, ముందు మందు. మందు వాడుతున్న మేకకి టీకా వెంటనే వెయ్యకూడదు, మందు ఆ టీకాని కూడా చంపేస్తుంది.

మహేంద్రతనయ ఒడ్డు
ఐదు వారాల తర్వాత, ఆదివారం

ఆలస్యానికి క్షమించండి. మావయ్య ఆరో రోజే ఇంటికొచ్చాడు. నల్లటి పక్కు మూడో వారంలో ఊడింది. కింద లేత గులాబీ చర్మం, కొద్దిగా గుంట. ఊడిన పక్కుని కూడా పొయ్యిలో పడేశాడు, ఎవరూ చెప్పకుండానే. మెడ మీద పొక్కొచ్చినాయన కూడా బాగున్నాడు. తిన్నవాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. మందలో ఇంకొకటి చచ్చింది, దాన్నీ అలాగే కాల్చాం. మిగిలిన 37కి టీకా పడింది.

తోళ్ళాయన ఐదో రోజు దొరికాడు. పర్లాకిమిడి సంతకి మూట కట్టి ఉంచాడు, ఇంకో పదకొండు తోళ్ళతో కలిపి. నేనూ తమ్ముడూ వెళ్ళి మొత్తం పన్నెండూ కాల్చాలంటే ఆయన ఏడ్చినంత పని చేశాడు. మిగతా పదకొండింటి డబ్బు మావయ్య ఇచ్చాడు, 1,100. మంట వేశాక ఆయన తన చేతులు రెండూ వెనక్కీ ముందుకీ తిప్పి మాకు చూపించాడు. "ఏటీ లేదు కదా, సూడండి బాబూ" అని. మోచేతి దాకా చూశాం. ఏమీ లేదు. అయినా బండెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం.